యంత్రపురుషుని కర్తృత్వము

పరిషత్పత్రికలో అమెరికా చలనచిత్రము నొకదానిని గూర్చి వ్రాయుట కొందఱు పెద్దలకు వింతగా దోపవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. కాని యీ వ్యాసమునకు మూలము చలనచిత్రము కాదు, సర్వనామము. పై తరగతి విద్యార్థులకు కథాసంక్షేపరచన నేర్పుచు, అందఱకును తెలిసిన కథ నొకదానిని మీరే యెన్నుకొనుడనగా, వారు 'టెర్మినేటర్ 2: జడ్జిమెంట్ డే' అను చిత్రమును గైకొనిరి. వారి కాగితములు దిద్దవలసి వచ్చినది. కొందఱు 'వాడు వచ్చెను' అనియు, కొందఱు 'అది వచ్చెను' అనియు వ్రాసిరి. ఒక బాలుడు మొదటి పుటలో 'అది' అని ప్రారంభించి, నడుమ నెచ్చటనో తనకే తెలియకుండ 'వాడు' అనుటకు దొరకొనెను. నేను ఎఱ్ఱసిరాతో గుఱుతు పెట్టబోయి యాగితిని. ఏది తప్పు?

మన భాషలో నీ ప్రశ్న కడు సూక్ష్మమైనది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణము ఆడువారిని, పశుపక్ష్యాదులను, ప్రాణము లేనివానిని విడిచి, తక్కిన పురుషవాచకములను మాత్రమే మహత్తులనినది. స్త్రీవాచకములు బహువచనమున మాత్రము మహత్తులతో కలియును. ఈ చిత్రమున నాయిక యగు సారా యనునామెకును, ఆమె ద్వేషించు యంత్రమునకును ఏకవచనమున మన క్రియ యొక్కటియే, 'వచ్చినది' యనవలసినదే. ఈ విచిత్రమును గూర్చి నవీనులు మనల నాక్షేపించుట న్యాయమే. అది యటుండనిండు. వెలుపల పురుషుని చర్మము, మాంసము, నెత్తురు, లోపల లోహము, ఇట్టి దానియెడ లింగవ్యవస్థ రూపమునుబట్టియా, ద్రవ్యమునుబట్టియా? ద్రవ్యమునుబట్టి యందుమేని, ఉత్సవదినమున స్వామి వేంచేసెను, స్వామి రథమెక్కెను అనుచున్నాము కదా! అది పంచలోహమూర్తియే. దానిని 'అది' యనువాడు మనలో లేడు. రూపమునుబట్టి యందుమేని బట్టల యంగడిలో నిలిపిన బొమ్మయు 'వాడు' కావలసి వచ్చును. కావున రూపద్రవ్యములు రెండును చాలవు. చైతన్యమున్నదని యొప్పుకొనుటయే నిర్ణాయకము. ఆ యొప్పుకోలునకు ప్రమాణమేమి యనునదియే యీ చిత్రపు విషయమని నా తలంపు.

చిత్రము చూడని పండితులకొఱకు కథను క్లుప్తముగ చెప్పెదను. జేమ్సు కామెరూన్ అను దర్శకుడు 1984లో 'ది టెర్మినేటర్' అను చిత్రమును వెలువరించెను. టెర్మినస్ అను లాటినుమాటకు హద్దు అని యర్థము. మన అంతశబ్దమునకు హద్దు, నాశము అను రెండర్థములును గలవు గావున 'అంతకుడు' అని తెలిగింపవచ్చును, యమునిపేరగుటయు నుచితమే. కాని యది డుమంతము. ఆ పేరు పెట్టినంతనే మహత్త్వమును సిద్ధముగ గైకొన్నట్లగును. అందుచేత 'అంతకయంత్ర'మనియే వ్యవహరింతును. స్కైనెట్ అను గణనయంత్రవ్యవస్థ తనంత తానెఱుక గలదై, పరమాణ్వస్త్రములతో మానవజాతిని కాల్చి, మిగిలినవారిపై యుద్ధము సాగించుచుండును. ఆ మిగిలినవారికి నాయకుడు జాన్ కానర్. వాడు పుట్టకుండ చేయుటకై స్కైనెట్ 2029 నుండి 1984నాటి లాస్ ఏంజిలిసు నగరమునకు, అతని తల్లి కాబోవు సారాను చంపుటకు, ఒక అంతకయంత్రమును పంపును. ఆమెను గాపాడుటకు జాన్ పంపిన కైల్ రీస్ అను యోధుడే జానునకు తండ్రి యగును. యంత్రము నశించును, రీస్ మరణించును. ఇది పూర్వభాగము.

ఉత్తరభాగము 1991 జూలైలో వచ్చినది. కామెరూన్ విలియం విషరుతో గలసి దీనిని రచించెను. ఇందు జాన్ పదియేండ్ల బాలుడు. సారా పిచ్చియాసుపత్రిలో బంధింపబడి యున్నది. ఈమాఱు స్కైనెట్ ద్రవలోహమయమై యే రూపమునైనను దాల్చగల క్రొత్త యంత్రమును జానుపై పంపును. భావికాలపు జాన్, పట్టుబడిన పాత జాతి యంత్రమునకే మతి మార్చి, తన్ను రక్షింప తనయొద్దకే పంపుకొనును. మొదటి చిత్రమున హంతగా నటించిన ఆర్నాల్డు ష్వార్జెనెగరే రెండవదానిలో రక్షకుడు. మొదటిది సుమారు 64 లక్షల డాలర్లతో ముగియగా, దీనికి సుమారు 10 కోట్ల డాలర్లు వ్యయమైనవి. ధ్వనికి, ధ్వనిసంపాదనమునకు, వేషరచనకు, దృశ్యచమత్కారములకు నాలుగు ఆస్కారు బహుమానములు వచ్చినవి. తుపాకులు, బండ్లు, విస్ఫోటనములు కావలసినన్ని గలవు. వానినిగూర్చి నేను చెప్పవలసినది లేదు.

ఇక ప్రమాణవిచారము. ఇచ్ఛార్థమున వచ్చు సన్ప్రత్యయమును వ్యాఖ్యానించుచు మహాభాష్యకారుడొక శంకను లేవనెత్తెను. ఏటిగట్టు పడనెంచుచున్నది యని లోకమనుచున్నది. గట్టునకు ఇచ్ఛ యెక్కడిది? దీనికాయన యిచ్చిన సమాధానములలో నొకటి మనవారు తగినంత మననము చేయలేదని నా యభిప్రాయము. చాపయల్లగోరువాడు 'నేను చాప యల్లెదను' అని చాటింపు వేయించుచున్నాడా? లేదు. త్రాడును, మేకులను, గడ్డికట్టను చేతబట్టియుండుట చూచి వాని కోరికను మనమూహించుచున్నాము. గట్టుపట్లను అంతియే, పెళ్లలు రాలును, పగులు వాఱును, చోటు తప్పును. ఇరుచోటుల ఇచ్ఛను తెలుపునది ప్రవృత్తి యొక్కటియే గావున, ఒకచోట నిజమనియు నొకచోట గాదనియు విభజించుటకు హేతువు లేదు. ఉపమానముగ చెప్పినను సరిపోవుననియు, సర్వమును చేతనావంతమే యన్నను సరిపోవుననియు వేఱు పక్షములనుగూడ భాష్యకారుడు చూపెను.

ఈ మొదటి సమాధానమే చాలుననుకొన్నచో, నా విద్యార్థులలో 'వాడు' అని వ్రాసినవారు గెలిచినట్లే. అంతకయంత్రము కాపాడవలెనని కోరుచున్నది, ఏలయన కాపాడుచున్నది. పరేచ్ఛను మనమెఱుగుటయు నిట్లే గదా. ఈ పక్షమును తేలికగా త్రోసివేయరాదు. నేను కొన్నిదినములు దీనినే యంగీకరించియుంటిని. కాని చిత్రములోనే దీనికి ప్రతికూలమగు దృశ్యమొకటి కలదు. జాన్ తన పెంపుడుతల్లికి ప్రమాదము కలుగునని భయపడి ఇంటికి టెలిఫోను చేయును. ఆమె కంఠము మామూలుకంటె మధురముగ బలుకును. అంతకయంత్రము టెలిఫోను తాను గైకొని, జాను కంఠముతోనే, కుక్క యేల మొఱుగుచున్నదని, దానికి లేని పేరొకటి పెట్టి, అడుగును. ఆవలినుండి 'అది బాగుగనే యున్నది' అని యుత్తరము వచ్చును. అంతట పెంపుడుతల్లి మరణించినదనియు, ఆ రూపమున నున్నది ద్రవలోహయంత్రమనియు తేలును. త్రాడు, మేకులు, గడ్డికట్ట అన్నియు నున్నవి. చాప యల్లువాడు మాత్రము లేడు. ప్రవృత్తి నటింపబడవచ్చును. నటనను పట్టుకొన్నది మఱియొక నటన. పట్టిచ్చినది కంఠము గాదు, రూపము గాదు, ఆ యింటివారు మాత్రమే యెఱిగిన కుక్కపేరు. దీనిచేత భాష్యమునకు భంగము వచ్చినదని నేననను. భాష్యకారుడు శబ్దప్రయోగమును సమర్థించెను గాని చైతన్యమును పరీక్షింప పూనుకొనలేదు. అట్లు పూనుకొన్నట్లు చదివినది నేనే.

ద్రవయంత్రమును గూర్చిన కథాదోషమొకటి యిచ్చటనే చెప్పివేసెదను. ఏ కంఠమునైనను అనుకరింపగల యా యంత్రము, తుదిఘట్టమున ఉక్కుకర్మాగారములో సారాను గ్రుచ్చి బాధించి, 'నీ కుమారుని పిలువు'మని యేల నిర్బంధింపవలయును? పిమ్మట నది యామె రూపము దాల్చి పిలువనే పిలిచినది. ఆమె నిరాకరణమును చూపుటకై కవి యీ యసంగతిని సహించెను కాబోలు.

కర్తృత్వమునకు వత్తము. పాణిని స్వతంత్రుని కర్త యనెను. ఆ కర్తను ప్రేరేపించువానికి హేతువనియు కర్త యనియు రెండు సంజ్ఞలొసగెను. ఈ స్వాతంత్ర్యము వక్త వివక్షచే కుండకును, కట్టెకును వచ్చునని శాబ్దికులెల్లరు నెఱుగుదురు. కుండ వండుచున్నది యన్నంతమాత్రమున కుండకు పుణ్యపాపములు లేవు. కావున వ్యాకరణకర్తృత్వము చవుకది. కొనలేనిది వేఱొకటి కలదు. విధినిషేధములకు ఎవ్వడు పాత్రుడు? 'ఇది నాకు చెప్పబడినది, నేను చేయవలయును' అని తెలిసికొనువాడే నియోజ్యుడని మీమాంసకులందురు.

జాన్ యంత్రమునకు నిషేధమును చెప్పు ఘట్టము ఈ దృష్టితో చూడదగినది. యంత్రము దారినపోవు మనుష్యు నొకనిని కాల్చబోగా బాలుడడ్డపడి, మనుష్యులను చంపరాదనును. యంత్రము 'ఏల?' అని యడుగును. బాలుడు కారణము చెప్పలేడు. మరల 'ఏల?' అని యడుగును. చంపరాదు గనుక చంపరాదని బాలుడనును. ఆ వయస్సున నింతకంటె నేమి చెప్పగలడు? ఇన్ని శాస్త్రములు చదివిన మనము మాత్ర మింతకంటె నేమి చెప్పగలము? యంత్రము హేతువు నెఱుగకయే యొప్పుకొనును. తరువాత ఆసుపత్రి ద్వారమువద్ద ఎవ్వరిని చంపనని చేయెత్తి ప్రమాణముచేసి, మఱునిమేషమున కావలివాని కాళ్లపై కాల్చి, బ్రతుకునని చెప్పును. ప్రేక్షకులు నవ్వుదురు. నిషేధమును అక్షరార్థమున గ్రహించి తాత్పర్యమును విడుచు వ్యాఖ్యాతలు మనలోను గలరు గాన నాకు నవ్వు నిండుగ రాలేదు. పిదప సైబర్డైన్ కార్యాలయమును రక్షకభటులు చుట్టుముట్టగా నది పెద్దతుపాకితో బండ్లను తుత్తునియలు చేసి, తన కంటితెఱపై మృతుల లెక్క సున్నయని చూచుకొనును. అహింస యిచ్చట లెక్కయైనది. చంపకుండుట కలదు, చంపకుండవలెనను కోరిక యున్నదో లేదో తెలియదు.

దీనికి ప్రక్కనే కామెరూన్ సారాను నిలిపెను. చిత్రమంతటిలో నాకు మిక్కిలి నచ్చినది యీ ఘట్టమే. స్కైనెట్టునకు మూలమగు యంత్రమును నిర్మించుచున్నవాడు మైల్స్ డైసన్ అను శాస్త్రజ్ఞుడు, మంచివాడు, గృహస్థు. వానిని ముందే చంపినచో మూడువందలకోట్ల ప్రాణములు దక్కునని సారా యొంటరిగ బయలుదేఱును. నల్లని దుస్తులు, గుఱిచూపు దీపముగల తుపాకి, ముఖమున నే భావమును లేదు. మొదటి చిత్రమున యంత్రము తన్ను వేటాడినట్లే ఆమె వానిని వేటాడును. వాడు గాయపడి నేలబడగా భార్యయు, చిన్నబిడ్డయు అడ్డము వత్తురు. తుపాకి గుఱిమీదనే యున్నది. కాల్చినచో నాపువాడు లేడు. కాల్చుటకు లోకరక్షణమను హేతువును గలదు. ఆమె కాల్చలేక క్రుంగిపోయి యేడ్చును. నిషేధము నెవ్వరును చెప్పలేదు. చేయగలిగియు చేయకుండుట యిది. లిండా హామిల్టన్ అభినయమును ప్రశంసించువారు ఆమె బాహుబలమును, వ్యాయామమును పొగడుచున్నారు. ఆ కూలబడుటను పొగడవలయును.

ఇంత గొప్పగ వ్రాసిన కవి, దీనికి కొంచెము ముందు ఎడారిలో సారాచేత నొక యయుక్తమును పలికించెను. కుమారుడు యంత్రముతో నాడుకొనుచుండగా నామె తనలో, ఇది వానిని విడిచిపోదు, కొట్టదు, త్రాగివచ్చి తిట్టదు, తీఱిక లేదనదు, తండ్రులైనవారందఱిలో నిదియే తగినదని తలపోయును. పలుకులు హృద్యములే. తండ్రిలేని బిడ్డను పెంచు తల్లి వేదనయు వానిలో గలదు. కాని త్రాగనేరని దానిని త్రాగలేదని మెచ్చుకొనుట గుణకీర్తనము కాదు. విసుగు కలుగువాడు విసుగును దిగమ్రింగినప్పుడే యోర్పు. ఇది పాత్ర యభిప్రాయమే గాని కవి యభిప్రాయము కాదని సమర్థింపవచ్చును. సమర్థనము కుదురునుగాని, చిత్రము చూచివచ్చినవారు మొట్టమొదట చెప్పునది యీ మాటలే యగుటచేత కవి జాగ్రత్తపడవలసియుండెనని తోచుచున్నది.

ఉత్తరభాగమునకు పూర్వభాగముతో పొత్తు కుదిరినదా యనునది వేఱు విచారము. పూర్వభాగమున కథ వలయము. రీసును పంపుటకు జాన్ కావలెను. జాను పుట్టుటకు రీస్ కావలెను. ఉత్తరభాగమున నింకొక వలయము చేరినది. 1984లో నశించిన యంత్రపు మెదడుముక్కను, చేతిని దాచియుంచి, వానిని చూచియే డైసన్ స్కైనెట్టును కల్పించుచున్నాడు. స్కైనెట్టే యా యంత్రమును పంపినది. దీనిని బీజాంకురన్యాయముతో సమర్థించువారు కలరు. అది చెల్లదు. బీజమునుండి అంకురము, అంకురమునుండి వేఱొక బీజము. వ్యక్తి వేఱు గనుక నది దోషము గాదు. ఇచ్చట నా బీజమే యా బీజమునకు మూలము. ఇది కేవలము అన్యోన్యాశ్రయము. ఐనను కథలలో వలయము రమ్యమే. మొదటి చిత్రపు బిగువు దానిచేతనే వచ్చినది. తప్పించుకొనజూచుటయే యనర్థమునకు హేతువగునను కథ మనకు తెలిసినదే. రెండవ చిత్రము విధి లేదని ప్రతిజ్ఞ చేసి, ఆ మాటలను సారాచేత బల్లపై కత్తితో చెక్కించి, వలయమును త్రెంపదలచినది. స్కైనెట్ పుట్టకున్నచో రీస్ రాడు, జాన్ లేడు, చిత్రమే లేదు. తాను దేనినాధారముగ జీవించుచున్నదో దానినే కొట్టివేయుటను మనవారు ఉపజీవ్యవిరోధమందురు. ఇంత స్పష్టమైన యుదాహరణము నాకు వేఱొకటి దొరకలేదు. తర్కపాఠమున దీనిని చెప్పుచున్నాను. తరువాత 2003, 2009, 2015, 2019 సంవత్సరములలో వచ్చిన చిత్రములు ఈ విరోధమును తీర్పబోయి యొకదాని నొకటి కాదనుచు పోయినవి. 2003 నాటిది ప్రళయము తప్పలేదు, వాయిదా పడినదనెను. 2019 నాటిది దానిని లెక్కచేయక జానునే మొదట చంపివేసెను. వానిపై నాకంత యాదరము లేదు.

పాఠభేదములు గలవని పండితులు వినినచో సంతోషింతురు. 1991 ప్రతి 137 నిమిషములది. 1993లో విశేషప్రతి వెలువడినది. అది దానికంటె సుమారు 15 నిమిషములు ఎక్కువ నిడివి గలది. అధికపాఠములలో ముఖ్యమగునది యొకటి. యంత్రము క్రొత్తవి నేర్చుకొనకుండ స్కైనెట్ దాని మెదడుముక్కను బంధించి పంపుననియు, దానిని విప్పవలెననియు తెలిసి, సారాయు జానును ఆ ముక్కను వెలికి దీయుదురు. యంత్రము నిశ్చేష్టమగును. సారా దానిని బల్లపై బెట్టి సుత్తె యెత్తును. 'అతనిని చంపకు' మని బాలుడు మొఱవెట్టగా, 'అతడు' కాదు, 'అది' యని తల్లి దిద్దును. నా తరగతిలోని వివాదమంతయు నీ సంభాషణముననే యున్నది! బాలుడు పట్టుబట్టగా నామె సుత్తె దించును. ఇందు అద్దములో కనబడు దృశ్యమున అద్దమే లేదు; ఉత్తచట్రమున కిరువైపుల హామిల్టనును, ఆమె కవలసోదరియు నొకే యభినయమును తప్పక చేసిరి. బింబప్రతిబింబభావమును బోధించుటకు మంచి దృష్టాంతము.

1991 పాఠమున నిది లేదు. యంత్రము మనుష్యులతో మెలగినకొలది నేర్చుకొందునని మాత్రము చెప్పును. లఘుపాఠమే మేలనువారు కలరు. వేగము తగ్గదన్నమాట నిజమే. నేనిచ్చట గురుపాఠమునే గ్రహింతును. ఉపక్రమము లేక ఉపసంహారమునకు బలము లేదు. తుదిలో ఆ యంత్రమును నశింపజేయు మీట నొక్కునది సారా చేయి. మొదట పగతో సుత్తె యెత్తిన చేయియే తుదిలో యంత్రముతో కరచాలనము చేసి, అది వేడుకొనగా మీట నొక్కినదని తెలిసినచో గాని యా నొక్కుటకు బరువు రాదు. చిత్రీకరించి విడిచిపెట్టిన వేఱొక ముగింపున సారా వృద్ధురాలై, ప్రళయము రాని లోకమున, ఉద్యానమున మనుమరాలి యాటను చూచుచుండును. దానిని విడుచుటయే మంచిదయ్యెను. రాత్రివేళ త్రోవమాత్రము కనబడుచు ముగియుటలో సంశయము నిలిచియున్నది.

రసవిషయమున నొకమాట. మొదటి చిత్రము భయానకప్రధానము. రెండవది వీరమున మొదలై కరుణమున ముగియును. జడమును ఆలంబనముగ గొన్న వాత్సల్యస్నేహములు రసమగునా, ఆభాసమగునా యని ఒక మిత్రుడడిగిరి. యక్షుడు మేఘముతో మాటాడుట కాళిదాసునకును సమర్థింపవలసిన విషయమే యైనది. ఆర్తునకు చేతనాచేతనవివేక ముండదని యాయన సమాధానము. తండ్రి లేక, తల్లి చెఱలో నుండ, పరుల యింట పెరిగిన బాలుడు ఆర్తుడు కాడా? స్నేహమున కాశ్రయమగు హృదయము నిజమైనది; కావున కరుణమునకు కొఱత లేదు.

తుదిఘట్టము. ద్రవయంత్రము కరగిన యుక్కులో బడి నశించినది. పాత మెదడుముక్కను, చేతిని జాన్ అందు విసరివేసెను. ఇంకొక ముక్క మిగిలినదని యంత్రము తన తలను చూపును. పోవలదని బాలు డేడ్చుచు నాజ్ఞాపించును. అదివఱకు జానాజ్ఞను మీఱని యంత్రము ఈ యాజ్ఞను మీఱును. ఇందు పరతంత్రత తొలగి స్వాతంత్ర్యము వచ్చినదని కొందఱందురు. కాని తన్నుతాను నశింపజేసికొను శక్తి దానికి లేదు. అందుకొఱకే సారాను మీట నొక్కుమని కోరును. డైసన్ గాయపడి, తన జీవితకాలపు కృషిపై విస్ఫోటకపు మీటను తన చేతనే పట్టుకొని చచ్చెను. యంత్రమున కది లేదు. దించబడునది యంత్రము, దించునది సారా, దించుమన్నది మరల యంత్రమే. ప్రేరేపించునది గావున హేతువు. వ్యాపారఫలము తనపై బడుటచే కర్మ. అన్నము తానే యుడికెననునపుడు కర్మయే కర్తవలె వ్యవహరింపబడునట్లు, ఇచ్చట కర్మకర్తృప్రయోగము కుదురునని నా నిర్ణయము. 'యంత్రము నశించెను' అని వ్రాసిన విద్యార్థికి నిండుగ మార్కులిచ్చితిని. 'ఆత్మహత్య చేసికొనెను' అని వ్రాసినవానికి తగ్గించితిని. సర్వనామవిషయమున 'అది' యనియే దిద్దితిని.

ఐనను నా నిర్ణయమునకు లొంగనిది యొకటి మిగిలినది. ఉక్కుద్రవమున నది తలవఱకు మునిగిన పిమ్మట చేయి మాత్రము పైన నిలిచి, పిడికిలి బిగించి బొటనవ్రేలు నెత్తి చూపును. దాని నెవ్వరు నాజ్ఞాపింపలేదు. దానివలన నే కార్యమును సిద్ధింపదు. జాన్ రక్షణమునకు నది యక్కఱయు లేదు. మునుపు చెప్పిన బాలుడు, 'అది' అని ప్రారంభించి 'వాడు' అనుటకు మాఱినవాడు, ఈ బొటనవ్రేలినే చూపి నాతో వాదించెను. వాని కాగితమున నా తుదివాక్యమును మాత్రము దిద్దక విడిచితిని.